తొమ్మిదో నంబరు కోడి

మొదటిసారి జాలి అనుకుందాం. రెండోసారి కూడా జాలే అని సర్దిచెప్పుకోవచ్చు, వాపు పూర్తిగా తగ్గలేదు కాబట్టి. మరి మూడోసారి? మూడో సోమవారం నాటికి ఆ కోడి రెక్క కింద నీలం మచ్చ మాయమైపోయింది. చర్మం కింద నరం సన్నటి దారంలా కనిపిస్తోంది. సూది నా చేతిలో ఉంది. నాన్న కోడిని పట్టుకునే ఉన్నాడు. అయినా నేను, "ఇంకో వారం చూద్దాంలే నాన్నా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తేల్చుకోవడానికి నాకు ఆ వానాకాలం చాల్లేదు. ఆ తర్వాత వచ్చిన వానాకాలాలూ చాల్లేదు.

అప్పుడు నేను పశువైద్య పరిశోధన కేంద్రంలో సహాయకురాలిని. డాక్టర్ని కాను, డాక్టర్లకి గొట్టాలు అందించే మనిషిని. పొడవాటి వరండాకి ఈ చివర కోళ్ళ విభాగం, ఆ చివర గుర్రాల విభాగం. రెండు వైపుల వాళ్ళూ టీ తాగేటప్పుడు తప్ప కలిసేవాళ్ళు కారు. ఆ ఏడు ఒక దోమ కలిపింది.

గుర్రాలకి మెదడువాపు తెచ్చే జబ్బు అది. పిట్టల నుంచి దోమ మోసుకొస్తుంది. ఆ దోమ గుర్రాన్ని కుడితే కొద్దిరోజుల్లోనే కాళ్ళు తడబడతాయి, పెదవి వేలాడుతుంది, తల తీసుకెళ్ళి గోడకి ఆనించి నిలబడిపోతుంది. చాలావరకు లేవవు. అదే దోమ కోడిని కుడితే కోడికి ఏమీ కాదు. గింజలు తింటుంది, గుడ్డు పెడుతుంది, పక్కదాన్ని పొడుస్తుంది. కానీ దాని నెత్తురులో ఒక గుర్తు మిగిలిపోతుంది. అందుకని గుర్రాలున్న చోట పది కోళ్ళతో ఒక గూడు పెట్టి, ప్రతి సోమవారం వాటి నెత్తురు తీసి చూసేవాళ్ళం. ఏ గూట్లో ఒక్క కోడి నెత్తురులో గుర్తు కనబడినా, ఆ చుట్టుపక్కల గుర్రాలన్నిటికీ వెంటనే టీకాలు. ఉన్న టీకాలు తక్కువ, గుర్రాలు ఎక్కువ. కోడి ఎటు చూపిస్తే టీకా అటు వెళ్ళాలి.

అలాంటి గూళ్ళు మొత్తం ఆరు. ఆరోది మా ఇంటి వెనకే ఉండేది.

ఎందుకంటే మా బావకి నాలుగు గుర్రాలు. పిల్లలకీ పెద్దలకీ స్వారీ నేర్పేవాడు. ఇంటి వెనక రేకుల కప్పుతో పొడుగాటి గుర్రపుశాల, దాని పక్కన మురుగు కాలవ, కాలవకీ శాలకీ మధ్య మా గూడు. ఇంట్లో అక్క, బావ, నాన్న, నేను. నాన్న ఒకప్పుడు గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. నడుం వంగాక సుత్తి వదిలేసి, మేత పెట్టడం, కోళ్ళని చూసుకోవడం పెట్టుకున్నాడు. నాలుగు గుర్రాల్లో పెద్దది బూడిదరంగు ఆడగుర్రం. బావ దాన్ని "పెద్దమ్మాయి" అని పిలిచేవాడు. అక్కకి ఒళ్ళు మండేది.

"నాకు పుట్టబోయే పిల్ల చిన్నమ్మాయి అవుతుందన్నమాట," అనేది.

"వరసలు నేను పెట్టానా? ముందొచ్చింది పెద్దది," అనేవాడు బావ.

ఆ పెద్దమ్మాయి అప్పుడు ఎనిమిదో నెల కడుపుతో ఉంది. గుర్రాలకి పదకొండు నెలలు.

*

కోడి నెత్తురు తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు దాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు పట్టుకుని, ఒక రెక్క విప్పి ఉంచాలి. ఇంకొకరు రెక్క లోపలి వైపు నాలుగు ఈకలు పీకి, స్పిరిట్ దూదితో తుడిచి, నరంలోకి సూది పోనివ్వాలి. తీశాక నిమిషంసేపు దూదితో అదిమి పట్టాలి. ఆ నిమిషం ఓపిక లేకపోతే లోపల నెత్తురు గడ్డకట్టి, రెక్క నీలంగా ఉబ్బిపోతుంది.

వానలు మొదలైన వారంలో, సరిగ్గా తొమ్మిదో నంబరు కోడి కుడి రెక్కలో సూది దిగుతున్నప్పుడు ఉరిమింది. ఉలిక్కిపడ్డాను. నరం చిరిగింది. ఆ కంగారులోనే ఎడమ రెక్క అందుకున్నాను, అదీ సరిగా పడలేదు. ఎలాగో నాలుగు చుక్కలు గొట్టంలోకి తీశాను గానీ, పై సోమవారానికి ఆ కోడి రెండు రెక్కలూ వంకాయ రంగులో ఉన్నాయి.

నాన్న దాని రెక్కల మీద వేలితో నెమ్మదిగా రాసి, "ఇప్పుడెలాగ?" అన్నాడు.

"నెత్తురు తియ్యడానికి పనికిరాని కోడిని రూలు ప్రకారం ఈరోజే కేంద్రానికి పంపించెయ్యాలి నాన్నా. దీని బదులు వేరేది ఇస్తారు."

"దీన్నేం చేస్తారు?"

నేను గొట్టాలు సర్దుకుంటున్నట్టు నటించాను. అక్కడికి వెళ్ళిన కోడి తిరిగి రాదని ఆయనకీ తెలుసు.

"బాగుంది. పొడిచింది నువ్వు, పోయేది అదీనా?" నవ్వుతూనే అన్నాడు. తర్వాత నవ్వకుండా అన్నాడు. "ఈ ఒక్క వారం దాన్ని వదిలెయ్యవే అమ్మాయ్. నాలుగోది చూడు, దుక్కలా ఉంది. దానికి రెండు గొట్టాలు తీసినా తెలీదు."

"దొంగ సంతకం పెట్టమంటున్నావు."

"సంతకమేంటే? కాస్త సాయం. పది కోళ్ళూ ఒకే గూట్లో పడుకుంటాయి, ఒకే గాలి పీలుస్తాయి. ఒకదానికి లేనిది ఇంకోదానికి ఎక్కణ్ణించి వస్తుంది?"

ఆ మాట తప్పని నాకు తెలుసు. గూట్లో పది కోళ్ళు పెట్టేదే అందుకు. దోమ పదింటినీ కుట్టదు, ఒకదాన్ని కుట్టి వెళ్ళిపోతుంది. కానీ తొమ్మిదో కోడి నాన్న పాదం మీద కూర్చునే కోడి. మిగతావన్నీ ఆయన్ని మేత డబ్బాలా చూసేవి. ఇదొక్కటే ఆయన అరుగు మీద కూర్చోగానే వచ్చి కుడికాలి మీద ఎక్కి ఈకలు దులుపుకునేది. ఆయన దానికి తొమ్మిదమ్మ అని పేరు పెట్టాడు. అమ్మ పోయాక నాన్న ఎవరికైనా పేరు పెట్టడం అదే మొదలు.

నాలుగో కోడికి రెండు గొట్టాలు తీశాను. రెండో గొట్టం మీద 9 అని రాశాను. నా చెయ్యి వణకలేదు. సూది పట్టినప్పుడల్లా కాస్తయినా వణికే చెయ్యి అబద్ధం రాసేటప్పుడు రాయిలా నిలబడింది. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

*

గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని నేను. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. ఆ సోమవారం తర్వాత అది ముదిరింది. మూడుసార్లు ఏడుసార్లయింది. కుళాయి, కిటికీ గడియ, ప్రయోగశాల ఫ్రిజ్ తలుపు, అన్నీ ముట్టుకుని చూసుకునేదాన్ని. చూడాల్సిన ఒక్కదాన్ని తప్ప.

నెత్తురు గొట్టాలని ఏటవాలుగా పెడితే కాసేపటికి గడ్డ కిందికి దిగి, పైన పల్చటి నీళ్ళలాంటి సీరం తేరుతుంది. దాన్ని అంతకంతకూ పల్చన చేస్తూ, కోడికో వరస చొప్పున ప్లేటులోని గుంటల్లో పోసి పరీక్ష చేసేది కళ్ళద్దాలాయన. ముక్కు మీద ఒక జత, నెత్తి మీద ఒక జత ఉండేవి. మూడో జత కోసం వెతుకుతూ ఉండేవాడు. పరీక్ష చివర గుంట అడుగున ఎర్రకణాలు పల్చగా చాపలా పరుచుకుంటే ఏమీ లేనట్టు. మధ్యలో చొక్కా గుండీలా చుక్క కడితే, ఆ కోడిని ఆ దోమ కుట్టినట్టు.

రెండో సోమవారం గొట్టాలు ఇచ్చినప్పుడు ఆయన రెండింటిని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఏమ్మా, మీ గూట్లో నాలుగూ తొమ్మిదీ కవలలా?"

"అదేంటండీ?"

"రంగు చూడు. మిగతావన్నీ ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళలా ఉంటే, ఈ రెండూ పచ్చగా చామంతిపువ్వుల్లా ఉన్నాయి. ఒక తల్లి పిల్లలకైనా ఇంత పోలిక ఉండదు."

"మేతవల్లేమోనండీ."

"మేత పదింటికీ ఒకటేగా?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం సామెత. దొంగకి ఆ క్షణంలో నోరు కూడా ఎక్కువ ఆడుతుందని సామెత చెప్పదు. "తొమ్మిదోది నాలుగోదాని మేత కూడా లాక్కుని తింటుందండీ," అన్నాను.

"అయితే తొమ్మిదోది లావెక్కాలి, నాలుగోది చిక్కాలి. మా ఇంట్లో మా ఆవిడా నేనూ అంతే," అని ఆయనే పగలబడి నవ్వి, గొట్టాలు స్టాండులో పెట్టేశాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఎంతసేపు ఉందో తెలీదు. వరండాలో గుర్రాల విభాగం అమ్మాయి ఎదురుపడి, "పంటినొప్పా?" అని అడిగింది.

*

వాన వెలిసిన సాయంత్రాలు నాన్న స్టూలు వేసుకుని గుర్రపుశాల గుమ్మం దగ్గర కూర్చునేవాడు. తొమ్మిదమ్మని గూట్లోంచి వదిలేవాడు. నిజానికి వదలకూడదు. అది కాలవగట్టు మీద పురుగులు ఏరుకుని, చీకటి పడేముందు వచ్చి ఆయన కాలెక్కేది. దానికి బారెడు దూరంలో పెద్దమ్మాయి తల బయటికి పెట్టి నిలబడేది. గుర్రం తోకతో దోమల్ని కొట్టుకునేది, కోడి తల విదిలించుకునేది, నాన్న చేత్తో చెంప మీద చరుచుకునేవాడు. ముగ్గురి మీదా ఒకే దోమల గుంపు మబ్బులా తిరిగేది.

నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. పది కోళ్ళలోకెల్లా ఆ దోమలకి ఎక్కువ దొరికేది ఈ కోడే. పరీక్ష తప్పించుకున్నదీ ఇదే. ఈ రెండు సంగతులూ నాకు వేరువేరుగా తెలుసు. వాటిని పక్కపక్కన పెట్టి చూడటానికి మనసు ఒప్పుకునేది కాదు. ఒకటి గుర్తొస్తే రెండోది పక్కకి జరిగిపోయేది, అద్దెకున్నవాళ్ళు ఇంటాయన్ని చూసి పక్క సందులోకి తప్పుకున్నట్టు.

కాలవ అవతల ఎవరిదో గుర్రం తడబడుతోందని విన్నాం. ఇరుగుపొరుగు శాలలవాళ్ళు కిటికీలకి దోమతెరలు కట్టించుకున్నారు. అక్క బావని పోరింది.

"మనం కూడా కట్టిద్దామండీ. కడుపుతో ఉన్న గుర్రం."

"తెరలు కడితే లోపల గాలాడక చస్తాయి. అయినా మనకేం భయం? కోళ్ళ జాతకాలు చూసే డాక్టరమ్మ ఇంట్లోనే ఉందిగా." బావ నా వైపు తిరిగాడు. "ఏం మరదలా, ఏమంటున్నాయి నీ కోళ్ళు?"

"బాగానే ఉన్నాయి బావా."

"విన్నావా? పదికి పది. నా పదో తరగతిలో కూడా అన్ని రాలేదు."

అది మూడో సోమవారానికి ముందురోజు. మర్నాడు పొద్దున నాన్న తొమ్మిదమ్మ రెక్క విప్పి పట్టుకున్నాడు. మచ్చ లేదు. అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇది: ఇప్పుడు తీస్తే తెలుస్తుంది. గుర్తు ఉందని తేలితే, ఎప్పటినుంచి ఉందని అడుగుతారు. తెలియనంతవరకూ నేను చేసింది జాలి. తెలిశాక దానికి ఇంకో పేరు వస్తుంది.

"ఇంకో వారం చూద్దాంలే నాన్నా."

నాన్న నా మొహంలోకి చూశాడు. రెక్క మూసి, కోడిని కిందికి దించాడు.

*

మంగళవారం పొద్దున బావ కేకకి నిద్రలేచాం. పెద్దమ్మాయి శాల మధ్యలో ఎడమవైపుకి గుండ్రంగా తిరుగుతోంది. ఆపితే నిలబడుతుంది, వదిలితే మళ్ళీ తిరుగుతుంది. కింది పెదవి వేలాడుతోంది. కాసేపటికి అది తిరగడం మాని, నుదురు తీసుకెళ్ళి గోడకి ఆనించి, గోడ అవతల ఎవరో పిలుస్తున్నట్టు నెట్టడం మొదలుపెట్టింది.

బావ దాని మెడ పట్టుకుని ఊపాడు. పేరు పెట్టి పిలిచాడు. తర్వాత వెర్రెత్తినవాడిలా శాల అంతా వెతికాడు. నీళ్ళ తొట్టి, గడ్డి, మూల ఉన్న మొక్కజొన్న బస్తా. ఆ బస్తా మీద రేకుల సందులోంచి వాన కారుతున్న మరక ఉంది. బావ నడుముకున్న కత్తి తీసి బస్తాని నిలువునా చీల్చాడు. గింజలు జారాయి. బూడిదరంగు బూజుతో ముద్దలు ముద్దలుగా ఉన్నాయి.

"ఇదా? ఇదా మీరు పెడుతున్నది?"

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను ఆయన వెనక ఉన్నాను. కత్తి తగిలేదాకా ఆ బస్తా కుట్టు తెగలేదు. ఎర్రదారంతో కుట్టిన కుట్టు చివరిదాకా అలాగే ఉంది. నేను చూశాను. నాన్న కూడా చూశాడు.

"అడుగుతున్నాను మామయ్యా. ఈ బూజు గింజలేనా దానికి పెట్టింది?"

"అవును," అన్నాడు నాన్న. "నేనే పెట్టుంటాను. కళ్ళు సరిగా ఆనట్లేదు."

బావ తిట్టి ఉంటే బాగుండేది. వెళ్ళి గుర్రం నుదుటికీ గోడకీ మధ్య తన అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

మధ్యాహ్నం మా పెద్దమేడమ్ స్వయంగా వచ్చింది. కేంద్రం మొత్తానికి ఆవిడే పెద్ద. ఇంజక్షన్లు చేసింది. గుర్రం పడిపోకుండా పొట్ట కింద వెడల్పాటి పట్టా వేయించి, దూలానికి కట్టించింది. బూజు గింజల్ని వాసన చూసి కవర్లో వేసుకుంది.

"బూజు మొక్కజొన్న తిన్నా గుర్రాలు ఇలాగే చేస్తాయి. దోమ జబ్బు కాదని కూడా అనలేను. దీని నెత్తురు తీసుకెళ్తున్నాను గానీ ఒక్కసారికి తేలదు. రెండు వారాల తర్వాత మళ్ళీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇప్పటికైతే గూడే మనకి ఆధారం." నా వైపు చూసింది. "నిన్న తీసినవి పదీ వచ్చాయిగా?"

"వచ్చాయి మేడమ్."

"రేపు చూద్దాం."

రేపు అనేది వచ్చింది. బుధవారం ఆరు గూళ్ళ ప్లేట్లూ బల్ల మీద వరసగా పరిచారు. అన్ని గుంటల్లోనూ చాపలే. ఎక్కడా చుక్క లేదు. పెద్దమేడమ్ ఊపిరి వదిలి, "అయితే వీళ్ళింటి గుర్రానిది మేత వల్లే అయ్యుండాలి. ఫ్రిజ్‌లో ఉన్న టీకాలు అవతలి ప్రాంతం వాళ్ళు అడుగుతున్నారు, అక్కడ గుర్రాలు వరసగా పడుతున్నాయి. శుక్రవారం పదింటికి వ్యాను ఎక్కించెయ్యండి," అంది.

ఆ బల్లకి ఇవతల నేను నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా. "మేడమ్..." అన్నాను. ఆవిడ తలెత్తింది. కళ్ళద్దాలాయన రెండు జతల్లోంచీ నన్ను చూశాడు.

"ప్లేట్లు కడిగెయ్యనా?" అన్నాను.

*

ఆ సాయంత్రం అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఆయన అన్నం దగ్గర నాన్న మొహం చూడట్లేదే. నాన్నేమో కంచం తీసుకుని అరుగు మీదికి పోతున్నాడు. నాకు ఇద్దరి మధ్యా ఊపిరాడట్లేదు. కొన్నాళ్ళు పిన్ని వాళ్ళింటికి పంపిద్దామా?"

"నాన్ననా?"

"మరి ఆయన్ని పంపమంటావా? పెద్దమ్మాయి పోతే ఈయన నాన్నని జన్మలో క్షమించడు. ఇంకా మూడున్నాయి, వాటికి మేత నేనే పెట్టుకుంటానంటున్నాడు. నాన్నని శాలలోకి రావద్దన్నాడట." అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాన్న అంత అజాగ్రత్త మనిషి కాదే. గింజ గింజ ఏరి పెట్టేవాడు. ముసలితనం అంటే ఇదేనేమో."

మిగతా మూడు గుర్రాలు. అదే కాలవ, అవే దోమలు. ఎల్లుండి పదింటికి వ్యాను. అక్క మాట్లాడుతూనే ఉంది. నేను స్టవ్ కట్టేసి ఉందో లేదో చూస్తున్నాను.

బయట అరుగు మీద నాన్న తన పాత పనిముట్లు, సుత్తి, పటకారు, గిట్టలు చెక్కే కత్తి, గుడ్డలో మూటకడుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"నాన్నా. ఆ బస్తా కుట్టు తెగలేదుగా."

ఆయన మూటకి ముడి వేశాడు. విప్పి, మళ్ళీ వేశాడు.

"వాడికి ఏదో ఒకటి దొరకాలి కదమ్మా. కారణం దొరక్కపోతే మనిషికి పిచ్చెక్కుతుంది. బూజు దొరికింది. పోనీలే."

"నువ్వు ఇల్లు వదిలి వెళ్ళాలిట."

"మీ పిన్ని బాగానే చూసుకుంటుంది. వాగుతుంది, అంతే." మూట పక్కకి జరిపాడు. "నీ ఉద్యోగం నీకుంటుంది. తొమ్మిదమ్మని వదిలెయ్యమన్నది నేను. ఆ మాట నాది."

"మొదటిసారి నీది. మూడోసారి?"

గూటి దగ్గర్నుంచి తొమ్మిదమ్మ వచ్చి ఆయన కాలెక్కబోయింది. ఆయన కాలు పక్కకి తీసుకున్నాడు. కోడి నేల మీద నిలబడి, ఏదో పొరపాటు జరిగినట్టు ఆ ఖాళీ చోటుని చూసింది. మళ్ళీ ఎక్కబోయింది. ఆయన మళ్ళీ తీశాడు.

నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

*

ఫలితం ముందే చెప్పేస్తాను. దాన్ని దాచిపెట్టి కథ నడపడం నాకిష్టం లేదు, నేను దాచినవి చాలు. శుక్రవారం పొద్దున ప్లేటులో తొమ్మిదో వరస నిండా చుక్కలు కట్టాయి, ఒక్క చాప లేదు. అంత బలంగా ఉందంటే కుట్టి వారాలయి ఉంటుందని కళ్ళద్దాలాయన అన్నాడు. ఈసారి జోకు వెయ్యలేదు. వ్యాను బయల్దేరలేదు. మా మూడు గుర్రాలకీ, కాలవకి అటూ ఇటూ ఉన్న పదిహేడింటికీ సూదులు పడ్డాయి. పెద్దమ్మాయి కడుపులో పిల్ల పోయింది. అది మాత్రం బతికింది. కానీ దాని మీద మళ్ళీ ఎవరూ స్వారీ చెయ్యలేదు, బతికినన్నాళ్ళూ ఎడమవైపుకి ఒరిగే నడిచింది. నన్ను కోళ్ళ విభాగం నుంచి సీసాలు కడిగే గదికి మార్చారు. నాన్న ఎక్కడికీ వెళ్ళలేదు. మొదటి సోమవారమే తీసి ఉంటే పెద్దమ్మాయికి టీకా సమయానికి అందేదా అని పెద్దమేడమ్‌ని ఒకసారి అడిగాను. ఆవిడ "చెప్పలేను," అంది. ఆ మాటతోనే బతుకుతున్నాను.

అవన్నీ తర్వాతి సంగతులు. గురువారం తెల్లవారేటప్పటికి ఇవేవీ నాకు తెలీవు. నాకు తెలిసిందల్లా, కోడిని పట్టుకోవడానికి ఇంకొకరు కావాలని.

నాన్న అరుగు మీద మూట పక్కన కూర్చుని ఉన్నాడు. నన్నూ, నా చేతిలోని సూదుల ట్రేనూ చూసి లేవబోయాడు. వద్దన్నట్టు చెయ్యి చూపించాను. గూటి తలుపు తీశాను. తొమ్మిదమ్మని చంకలో పెట్టుకున్నాను. దాని గుండె నా మోచేతికి తగులుతోంది, టకటకా, నా గుండె కంటే వేగంగా.

శాలలో బావ పెద్దమ్మాయి నోటికి తడిగుడ్డ అద్దుతున్నాడు. గుర్రం పట్టాకి వేలాడుతున్నట్టు నిలబడి ఉంది. రెండు రోజులుగా ఆయన గడ్డం గీసుకోలేదు.

"బావా, కాస్త ఈ కోడిని పట్టుకుంటావా?"

"పట్టుకోడానికి మీ నాన్న లేడా?" తల తిప్పకుండానే అన్నాడు. "కళ్ళే కదా పోయాయి, చేతులు బాగానే ఉన్నాయిగా."

"ఉన్నాడు. నువ్వు పట్టుకోవాలి."

నా గొంతులో ఏం వినిపించిందో, గుడ్డ బకెట్లో వేసి వచ్చాడు. తిరగేసిన తొట్టి మీద కూర్చుని కోడిని ఒళ్ళోకి తీసుకున్నాడు. గుర్రాల్ని పట్టిన చేతులు, కోడికి పెద్దవి.

ట్రే నేల మీద పెట్టాను. చెప్పాల్సిన మాటల్ని ఎన్నోసార్లు వరస కట్టుకున్నాను. ఆ వరసంతా చెదిరిపోయి, ఉన్నదున్నట్టు చెప్పే నాలుగు మాటలే మిగిలాయి.

"మూడు వారాలుగా దీని నెత్తురు తియ్యలేదు బావా. నాలుగోదానికే రెండుసార్లు తీసి, దీని నంబరు వేసి ఇచ్చాను. నీతో బాగానే ఉన్నాయన్నది ఆ లెక్కే. ఆ బస్తా నీ కత్తి తగిలేదాకా ఎవరూ విప్పలేదు. నాన్న ఆ గింజలు పెట్టలేదు."

బావ చేతులు బిగుసుకున్నాయి. కోడి ఒక్కసారి గట్టిగా అరిచింది. గుమ్మంలో నాన్న నీడ పడింది.

"అల్లుడూ, దాన్ని అలా చెయ్యమన్నది..." అని మొదలుపెట్టాడు నాన్న.

"చేసింది నేను," అన్నాను.

పెద్దమ్మాయి వెనక కాలు ఒకసారి నేలని గీకి ఆగింది. బావ దాని వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, ఒళ్ళో కోడి వైపు చూశాడు. నా వైపు చూడలేదు. చాలాసేపటికి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

"ఏ రెక్క?" అన్నాడు.

"ఎడమది."

విప్పి పట్టుకున్నాడు. నాలుగు ఈకలు పీకాను. దూదితో తుడిచాను. నరం కనిపించింది. సూది దిగింది, గొట్టంలోకి నెత్తురు ఎక్కింది. దూది అదిమి నిమిషం లెక్కపెట్టాను, అరవై దాకా, ఒక్క అంకె వదలకుండా. తర్వాత పెన్ను తీసి, చెయ్యి వణుకుతూ ఉండగానే, గొట్టం మీద 9 అని రాశాను.